కుబేరుణ్ణి కట్టేసిన కాగితం
హైదరాబాదులో పుట్టిన ప్లీడరమ్మ అమెరికా కథ

ప్లీడరంటే మన కళ్ళకు కట్టే మనిషి ఒకడే. నల్లకోటు, మెడలో తెల్లపట్టీ, చంకలో కాగితాల కట్ట. కోర్టు వరండాలో నిలబడి కక్షిదారుకు వాయిదా తేదీ చెబుతుంటాడు. ఏళ్ళ తరబడి వృత్తిలో ఉండి కూడా జడ్జి ఎదుట నోరు విప్పని ప్లీడర్లు ఉంటారంటే మన ఊళ్ళో ఎవరూ నమ్మరు. కానీ అలాంటివారు ఉన్నారు. పెద్ద పట్టణాల్లో, ముఖ్యంగా అమెరికాలో, వారి సంఖ్య తక్కువేమీ కాదు.

ఒక కంపెనీ మరో కంపెనీని కొన్నప్పుడు, ఒక దేశంలో కనిపెట్టిన యంత్రాన్నో కంప్యూటరు ప్రోగ్రామునో మరో దేశపు కంపెనీ వాడుకోవలసి వచ్చినప్పుడు, ఇద్దరి మధ్య ఒప్పందం రాసేది వీరే. దావా రాకుండా రాయాలి. ఒకవేళ వచ్చినా కాగితం నిలబడేలా రాయాలి. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి పనికీ, వీరి పనికీ మూలం ఒకటే. మన లేఖరి ఎకరాలూ సెంట్లూ రాస్తాడు. వీరు వందల కోట్ల డాలర్లు రాస్తారు. అంతే తేడా.

ఈ వృత్తిలో ప్రపంచమంతా చెప్పుకునే స్థాయికి వెళ్ళినవారిలో ఒకరు విజయ గద్దె. మన అలవాటులో పిలుచుకుంటే గద్దె విజయ. ఆ ఇంటిపేరు మన జిల్లాల వారికి కొత్త కాదు. 1974లో హైదరాబాదులో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళిపోయారు. ట్విట్టర్ అనే కంపెనీకి న్యాయ వ్యవహారాల పెద్దగా పనిచేశారు. సెల్‌ఫోనులో నాలుగు ముక్కలు రాసి లోకానికంతటికీ చేరవేసే ఆ ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్‌గా మారింది.

2022లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడైన ఎలాన్ మస్క్ ఆ కంపెనీని కొంటానని సంతకం చేసి, రెండు నెలలు తిరిగేసరికి వద్దన్నాడు. వద్దన్నవాడిచేత కొనిపించింది ఒక కాగితం. ఆ కాగితం నెగ్గితే తన కుర్చీ పోతుందని పసిపిల్లవాడికి కూడా తెలిసేటట్టున్న రోజుల్లో, దాన్ని నిలబెట్టే పక్షాన ఉన్నవారు ఈ విజయ.

ఇంటింటికీ తిరిగిన తండ్రి

ఆమె పెరిగిన ఊరు టెక్సాస్ రాష్ట్రంలోని బోమాంట్. 1901లో అక్కడి స్పిండిల్‌టాప్ గుట్ట దగ్గర చమురు ఆకాశానికి చిమ్మింది. అప్పటి నుంచి అది చమురు శుద్ధి ఊరు. తండ్రి కెమికల్ ఇంజనీరు. అయినా ఒక దశలో ఆయన ఇంటింటికీ తిరిగి ఇన్సూరెన్సు ప్రీమియం వసూలు చేయవలసి వచ్చింది. మన ఎల్‌ఐసీ ఏజెంట్లకు తెలిసిన పనే. కానీ అక్కడ మరో చిక్కుంది. ఆ వీధుల్లో నల్లని మనిషి ఇంటి తలుపు తట్టాలంటే ముందుగా కూ క్లక్స్ క్లాన్ స్థానిక నాయకుడి అనుమతి తీసుకుంటే మంచిదని పై అధికారి సలహా ఇచ్చాడట. తెల్లవారు తప్ప తక్కినవారు సాటి మనుషులే కారనే ముఠా అది. ఈ సంగతి విజయ స్వయంగా తరువాత చెప్పుకున్నారు. అడిగే దిక్కులేని ఆ స్థితి చూసే లా చదవాలన్న కోరిక తనలో పుట్టిందని కూడా చెప్పారు.

చదువుకున్న మనిషి, చేస్తున్నది నిజాయితీ గల పని. దానికి ముఠా నాయకుడి అనుమతి. మన పల్లెల్లో కూడా ఫలానా వీధిలోకి ఫలానా వారు చెప్పులతో రాకూడదన్న రోజులు చూసినవారు ఇంకా ఉన్నారు. వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాత కుటుంబం న్యూజెర్సీకి మారింది. ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక, కార్మిక సంబంధాలు చదివి 1997లో పట్టా పుచ్చుకున్నారు. 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో లా పూర్తి చేశారు. అమెరికాలో లా చదవాలంటే ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆపైన మూడేళ్ళ లా, ఆ తరువాత బార్ పరీక్ష. పాతికేళ్ళు దాటితే గాని చేతికి పని రాదు.

ఈసీ తీయడం అక్కడా ఉంది

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో అనే ఊళ్ళో విల్సన్ సొన్సినీ అనే లా ఫర్మ్ ఉంది. 1961లో చిన్న ఆఫీసుగా మొదలైంది. కంప్యూటరు కంపెనీలతో పాటే పెరిగింది. 1980లో ఆపిల్ కంపెనీ, 2004లో గూగుల్ కంపెనీ తమ షేర్లను తొలిసారి జనానికి అమ్మినప్పుడు వాటి పక్షాన కాగితాలు చూసింది ఈ ఫర్మే. విజయ అక్కడ దాదాపు పదేళ్ళు పనిచేశారు.

ఇలాంటి చోట కొత్తగా చేరిన ప్లీడరు మొదట చేసేది చదవడం. అమ్మే కంపెనీ గదిలో ఉన్న ప్రతి కాగితం చదవాలి. ఎవరికెంత బాకీ ఉంది, ఏ కోర్టులో ఏ దావా నడుస్తోంది, కంప్యూటరు ప్రోగ్రాము రాసిన కుర్రాడు దాని హక్కు కంపెనీకి రాసిచ్చాడా లేదా, అద్దె ఒప్పందం ఎప్పటికి ముగుస్తుంది, ఇవన్నీ. మనం పొలం కొనేముందు ముప్పయ్యేళ్ళ ఈసీ తీయించి, లింకు దస్తావేజులు చూసి, గట్లు కొలిపించి, పక్క రైతును అడిగి అప్పుడు బయానా ఇస్తాం చూడండి, అదే ఇది. వారు దీనికి డ్యూ డిలిజెన్స్ అని పేరు పెట్టుకున్నారు. రాత్రిళ్ళు మేలుకొని చేసే పని. పేరు రాదు. ఒక్క కాగితం కన్ను దాటితే మాత్రం నింద తప్పదు.

సాంకేతిక ఒప్పందాల సంగతి మరి కాస్త వేరు. పొలం కంటికి కనిపిస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాము కనిపించదు. దాన్ని అమ్మినా అమ్మినవాడి దగ్గరా ఉంటుంది, కొన్నవాడి దగ్గరా ఉంటుంది. అందుకే చాలాసార్లు అమ్మరు, లైసెన్సు ఇస్తారు. మన కౌలు లాంటిది. ఎంతకాలం, ఏ దేశంలో, ఎందరు వాడవచ్చు, మళ్ళీ ఇంకొకరికి కౌలుకివ్వవచ్చా, పంట పోతే నష్టం ఎవరిది అన్నవన్నీ అందులో రాయాలి. కౌలు కాగితం లేకుండా సాగు చేసి, నష్టపరిహారం వచ్చిన రోజున అది భూమి యజమాని ఖాతాలో పడటం చూసిన రైతుకు ఆ రాత విలువ తెలుసు.

విజయ 2010లో జూనిపర్ నెట్‌వర్క్స్ అనే కంపెనీకి మారారు. 2011లో ట్విట్టర్‌లో చేరారు. 2013లో ఆ కంపెనీ జనరల్ కౌన్సెల్ అయ్యారు. అంటే కంపెనీ సొంత ప్లీడర్లందరికీ పెద్ద. అదే ఏడాది నవంబరు 7న ట్విట్టర్ షేర్లు న్యూయార్క్ మార్కెట్లోకి వచ్చాయి. షేరు 26 డాలర్ల చొప్పున 7 కోట్ల షేర్లు అమ్మి 182 కోట్ల డాలర్లు సమకూర్చుకున్నారు.

సరిగ్గా ఆ పెళ్ళి సందడిలోనే ఐబీఎం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా పేటెంట్లు మూడు మీరు వాడుకుంటున్నారు, సంగతేమిటని. పేటెంటు అంటే కనిపెట్టిన దాని మీద ప్రభుత్వం ఇచ్చే పట్టా. ఐబీఎం దగ్గర అవి వేలకు వేలు. ట్విట్టర్ దగ్గర పట్టుమని పది కూడా లేవు. కోర్టుకెక్కితే ఏళ్ళు పడుతుంది. ట్విట్టర్ కోర్టుకెక్కలేదు. 2013 డిసెంబరులో ఐబీఎం దగ్గరే 900కు పైగా పేటెంట్లు కొనేసింది. ఖర్చు 3 కోట్ల 60 లక్షల డాలర్లు. దానితో పాటు పరస్పర లైసెన్సు కూడా రాసుకున్నారు. నీ గట్టు మీద నేను నడిచినా నువ్వు అడగవద్దు, నా గట్టు మీద నువ్వు నడిచినా నేను అడగను అన్న ఒడంబడిక. దాయాదుల మధ్య గట్టు తగాదాలతో రెండు తరాలు కోర్టుకు తిరిగిన కుటుంబాలు మన జిల్లాలో ఎన్ని లేవు? వారెవరికైనా ఈ పద్ధతి చెబితే బాగుండును.

కంపెనీలో ఆమె బాధ్యత క్రమంగా పెరిగింది. ట్విట్టర్‌లో ఎవరి రాతలు ఉంచాలి, ఎవరివి తీసేయాలి అన్న నిబంధనలు కూడా ఆమె విభాగం కిందికే వచ్చాయి. 2021 జనవరి 8న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఖాతాను మూసివేసిన నిర్ణయంలో ఆమెది ముఖ్యపాత్ర. కొందరు మెచ్చుకున్నారు, కొందరు దుమ్మెత్తిపోశారు. 2020 అక్టోబరులో న్యూయార్క్ పోస్ట్ పత్రిక వార్తను అడ్డుకున్న విషయంలో విమర్శ మరింత గట్టిగా వచ్చింది. దానిపై 2023 ఫిబ్రవరిలో అమెరికా పార్లమెంటు కమిటీ పిలిచి ప్రశ్నించినప్పుడు, ఆ పత్రిక ఖాతాను వెంటనే తిరిగి తెరిచి ఉండవలసిందని ఆమె ఒప్పుకున్నారు. పత్రికలో రాసుకు బతికే మా వంటివారికి ఈ విషయంలో ఆమె పక్షం వహించడం కష్టం.

54 డాలర్ల 20 సెంట్లు

ఇక అసలు కథ. 2022 ఏప్రిల్ మొదటి వారంలో మస్క్ ట్విట్టర్‌లో నూటికి 9 వంతులకు పైగా షేర్లు కొన్నట్టు బయటపడింది. ఏప్రిల్ 14న మొత్తం కంపెనీని షేరు 54 డాలర్ల 20 సెంట్ల లెక్కన కొంటానని ప్రతిపాదించాడు. మరునాడే ట్విట్టర్ డైరెక్టర్లు ఒక కంచె కట్టారు. ఎవరైనా తమ అనుమతి లేకుండా 15 శాతం దాటి షేర్లు పోగేస్తే, మిగతా వాటాదారులంతా చౌకగా షేర్లు కొనుక్కోవచ్చు. అప్పుడు కొన్నవాడి వాటా పలచబడిపోతుంది. దీన్ని 1982లో మార్టిన్ లిప్టన్ అనే న్యూయార్క్ ప్లీడరు కనిపెట్టాడు. వాళ్ళు దీన్ని విషపు గుళిక అంటారు.

కంచె ఉన్నా బేరం సాగింది. ఏప్రిల్ 25న ఒప్పందం కుదిరింది. మొత్తం సుమారు 4,400 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో 3 లక్షల 30 వేల కోట్లకు పైమాటే. ఆ ఒప్పందాన్ని ఏ ఒక్కరో కూర్చుని రాయలేదు. ట్విట్టర్ పక్షాన విల్సన్ సొన్సినీ, సింప్సన్ థాచర్ అనే రెండు ఫర్ములు, మస్క్ పక్షాన స్కాడెన్ అనే ఫర్మ్ రాశాయి. కంపెనీ లోపల న్యాయ వ్యవహారాలకు పెద్ద విజయ. ఒకప్పుడు తాను పనిచేసిన ఫర్మే ఇప్పుడు తన కంపెనీకి కాగితం రాసిపెట్టింది.

ఆ కాగితంలో మూడు సంగతులు గమనించదగ్గవి. మొదటిది, కొనేవాడు డ్యూ డిలిజెన్స్ షరతు వదులుకున్నాడు. అంటే ఈసీ తీయకుండా, గట్లు కొలవకుండా కొంటానన్నాడు. రెండోది, ఫలానా సందర్భాల్లో బేరం తప్పితే 100 కోట్ల డాలర్లు చెల్లించాలి. మూడోది, బ్యాంకులు అప్పు ఇవ్వడానికి సిద్ధంగా ఉండి, మిగతా షరతులు నెరవేరితే, కోర్టుకు వెళ్ళి బలవంతంగా కొనిపించే హక్కు ట్విట్టర్‌కు ఉంది. ఆ 100 కోట్లు పారేసి చేతులు దులుపుకోవచ్చని బయట చాలామంది అనుకున్నారు. కాగితం చదివినవారు అలా అనుకోలేదు.

ఒప్పందం అయిన మర్నాడో మరునాడో మస్క్ తన ట్విట్టర్ ఖాతాలోనే విజయ నిర్ణయాలను తప్పుపట్టాడు. ఆయన వెనుక కోట్ల మంది అనుచరులు. ఆమె రంగు మీద, పుట్టిన దేశం మీద నోటికొచ్చిన తిట్లు వచ్చిపడ్డాయి. తండ్రి బోమాంట్ వీధుల్లో విన్న మాటలు, నలభై ఏళ్ళ తరువాత కూతురు సెల్‌ఫోనులో చదవవలసి వచ్చింది.

వేసవిలో షేర్ల ధరలు పడిపోయాయి. జూలై నాటికి ట్విట్టర్ షేరు 33 డాలర్ల దగ్గరకు దిగింది. 54కు కొంటానన్నవాడికి కడుపు మండింది. ట్విట్టర్‌లో దొంగ ఖాతాలు కంపెనీ చెబుతున్న 5 శాతం కంటే ఎక్కువున్నాయని, వివరాలు ఇవ్వడం లేదని చెప్పి, జూలై 8న ఒప్పందం రద్దు అని ఉత్తరం పంపాడు. ఈసీ తీయకుండా కొన్న ఆసామి, మార్కెట్టు ధర పడ్డాక పొలంలో చవుడుందన్నట్టు ఉంది.

జూలై 12న ట్విట్టర్ డెలావేర్ రాష్ట్రంలోని చాన్సరీ కోర్టులో దావా వేసింది. విషపు గుళిక కనిపెట్టిన లిప్టన్ ఫర్మే ఆ దావా నడిపింది. డెలావేర్ చాలా చిన్న రాష్ట్రం. విస్తీర్ణంలో పాత అనంతపురం జిల్లాలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. అయినా అమెరికాలో షేర్లు జనానికి అమ్మిన కంపెనీల్లో సగానికి పైగా అక్కడే రిజిస్టరయ్యాయి. 1792 నాటి ఆ కోర్టులో జ్యూరీ ఉండదు. జడ్జే విని జడ్జే తీర్పు చెబుతారు. చాన్సలర్ కాథలీన్ మెక్‌కార్మిక్ ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. వచ్చే ఏడాది విచారించమని మస్క్ ప్లీడర్లు అడిగారు. ఆమె అక్టోబరులోనే అన్నారు. 17వ తేదీ మొదలు ఐదు రోజులు.

అక్టోబరు మొదటి వారంలో, విచారణ రెండు వారాలుందనగా, మస్క్ దిగివచ్చాడు. పాత ధరకే కొంటానన్నాడు. అక్టోబరు 28 సాయంత్రం 5 గంటల లోపు పూర్తిచేయమని కోర్టు గడువిచ్చింది. 27నే డబ్బు చెల్లించాడు. ప్రతి వాటాదారుకు షేరుకు 54 డాలర్ల 20 సెంట్లు ముట్టింది. జూలైలో 33కు అమ్ముకోవడానికి సిద్ధపడ్డ చిన్న మదుపరికి కూడా.

అదే రాత్రి విజయను ఉద్యోగం నుంచి తీసేశారు. కంపెనీ ముఖ్య కార్యనిర్వాహకుడు పరాగ్ అగ్రవాల్‌నూ, ఆర్థిక వ్యవహారాల పెద్ద నెడ్ సెగల్‌నూ ఆమెతో పాటే.

బేరం చెడిపోయి ఉంటే ఆమె కుర్చీ నిలిచేదేమో. కానీ కంపెనీ ప్లీడరు వాటాదారుల మనిషి. తన కుర్చీ కోసం వారికి రావలసిన ధర వదులుకుంటే అది నమ్మకద్రోహం అవుతుంది. ఆమె మనసులో ఏమున్నదో మనకు తెలియదు. ఆమె పక్షం చేసిన పని మాత్రం కోర్టు రికార్డులో ఉంది.

మన ఇంటి సంగతి

బలవంతంగా కొనిపించడం, అమ్మించడం మన చట్టంలో లేదనుకోకండి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు అదే. బయానా పుచ్చుకొని, అగ్రిమెంటు రాసి, ధర పెరగగానే రిజిస్ట్రేషన్ చేయనని మొరాయించే అమ్మకందారు మీద వేసే దావా ఈ చట్టం కిందిదే. లోగడ రిజిస్ట్రేషన్ చేయించాలా, నష్టపరిహారంతో సరిపెట్టాలా అన్నది జడ్జి విచక్షణలో ఉండేది. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ విచక్షణ చాలావరకు తగ్గింది. ఒప్పందం రుజువైతే, చట్టం చెప్పిన కొద్ది మినహాయింపులు తప్ప, అమలు చేయించవలసిందే.

అయితే రెండు మెలికలున్నాయి. మిగతా సొమ్ము కట్టడానికి తాను ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నానని కొనేవాడు రుజువు చేయాలి. దావా మూడేళ్ళ లోపు వేయాలి. అగ్రిమెంటులో గడువు తేదీ రాసుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మనని తెలిసిన రోజు నుంచి లెక్క. పెద్దమనుషులు చెబుతారులే, వచ్చే సంక్రాంతికి చూద్దాంలే అనుకుంటూ నాలుగో ఏట ప్లీడరు దగ్గరికి పరిగెత్తేవారే మనలో ఎక్కువ.

ఇక ఈ చదువు మనవారికి అందనిది కాదు. ఇంటరు కాగానే ఐదేళ్ళ లా చదవవచ్చు. క్లాట్ పరీక్ష రాస్తే శామీర్‌పేట దగ్గరి నల్సార్, విశాఖపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. లాసెట్ రాస్తే మిగతా లా కాలేజీలు. డిగ్రీ చేసినవారికి మూడేళ్ళ కోర్సు. అమెరికా వెళ్ళదలచినవారు అక్కడ ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసి న్యూయార్క్ బార్ పరీక్షకు కూర్చుంటున్నారు. ఇంటరు అంటే ఇంజనీరింగు తప్ప మరో మాట వినిపించని ఊళ్ళల్లో ఈ దారి ఉందని చెప్పేవారు లేరు. ఇంగ్లీషు గట్టిగా రావాలి, నిజమే. అంతకంటే గట్టిగా కావలసింది, చిన్న అక్షరాల్లో రాసిన దాన్ని చివరిదాకా చదివే ఓపిక.

విజయ కథ ఉద్యోగం పోవడంతో ముగియలేదు. కంపెనీ పనిమీద విచారణలకు, దావాలకు హాజరైనందుకు అయిన ప్లీడరు ఖర్చులు కంపెనీయే భరించాలని పాత ఒప్పందంలో ఉంది. కొత్త యాజమాన్యం చెల్లించలేదు. అగ్రవాల్, సెగల్‌లతో కలిసి ఆమె అదే డెలావేర్ కోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరులో అదే జడ్జి మెక్‌కార్మిక్, 11 లక్షల డాలర్లు చెల్లించమని కంపెనీని ఆదేశించారు.

మరో దావా పెద్దది. ఉద్యోగం నుంచి తీసేస్తే ఇవ్వవలసిన సొమ్ము కూడా ముందే రాసి ఉంది. తప్పు చేశారు కాబట్టి తీసేశాం, కాబట్టి ఇవ్వనవసరం లేదని మస్క్ పక్షం అన్నది. 2024 మార్చిలో విజయ, మరి ముగ్గురు మాజీ అధికారులు కలిసి 12 కోట్ల 80 లక్షల డాలర్లకు కాలిఫోర్నియాలో దావా వేశారు. ఏడాదిన్నర నడిచింది. 2025 అక్టోబరులో రెండు పక్షాలూ రాజీకి వచ్చినట్టు కోర్టుకు తెలిపాయి. షరతులు బయటపెట్టలేదు. ఆ కాగితంలో ఏమి రాసుకున్నారో వారికీ, వారి ప్లీడర్లకే తెలుసు.